ఇంటిల్లిపాదీ మ్యూజియానికి వెళ్లిన రోజు

వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియానికి మేము వెళ్లడానికి కారణం మా పాప. ఐదో తరగతిలో ఆమెకు హ్యారియెట్ టబ్మన్ గురించి ఒక పాఠం ఉంది. మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టి, 1849లో తప్పించుకుని బానిసత్వం లేని ఉత్తరాదికి చేరి, అక్కడితో ఆగకుండా మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి సుమారు 70 మందిని రాత్రి దారుల్లో విడిపించి తెచ్చిన మనిషి ఆమె. ఆ పాఠం చదివిన రోజు రాత్రి అన్నం తింటూ, "ఆవిడ శాలువా మన దగ్గరలోనే ఉందట అమ్మా, చూద్దామా?" అని పాప అడిగింది. వర్జీనియాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాము. చుట్టాలు వచ్చినప్పుడల్లా వైట్‌హౌస్, లింకన్ స్మారకం, విమానాల మ్యూజియం తిప్పి చూపించాము గాని, వాటి నడుమనే ఉన్న ఈ భవనంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో పాపకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇది 2023 జూన్ నాటి మాట. అప్పుడు మా అమ్మ నల్గొండ జిల్లా నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ప్రవేశం ఉచితమే అయినా, లోపలికి వెళ్లే సమయం వేసి ఉన్న పాసులు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఆ సంగతి తేలికగా తీసుకుని వారం ముందు చూస్తే శనివారాలన్నీ నిండిపోయి ఉన్నాయి. మరుసటి నెలకు పాసులు విడుదలైన రోజు పొద్దున్నే కూర్చుని అయిదుగురికీ తీసుకున్నాను. మా వారు, పాప, ఆరేళ్ల బాబు, అమ్మ, నేను కలిసి సిల్వర్ లైన్ మెట్రోలో ఫెడరల్ ట్రయాంగిల్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచాము.

వాషింగ్టన్ స్తంభం పక్కన, చుట్టూ తెల్లని రాతి భవనాల మధ్య, ఇత్తడి రంగులో మూడు అంచెలుగా ఈ మ్యూజియం నిలబడి ఉంటుంది. ఒక్కో అంచె కింద సన్నగా మొదలై పైకి వెడల్పుగా విచ్చుకుంటుంది. "గంప మీద గంప పెట్టినట్టున్నది" అన్నది అమ్మ. నైజీరియాలోని యోరుబా శిల్పులు చెక్కిన స్తంభాల మీది కిరీటం నుంచి ఈ ఆకారాన్ని తీసుకున్నారని నేను చదివి చెప్పాను గాని, అమ్మ మాటే నాకు నచ్చింది. భవనాన్ని కప్పిన 3,600 లోహపు పలకల మీద ఉన్న జాలీ పని, అమెరికా దక్షిణాదిలో బానిసత్వంలో ఉన్న కమ్మరులు ఇళ్ల కటకటాలకు, గేట్లకు చేసిన ఇనుప పనికి గుర్తుగా పెట్టినది. ఇలాంటి ఒక కట్టడం కావాలని, బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు 1915లోనే అడిగారు. చట్టం 2003లో వచ్చింది. తలుపులు 2016 సెప్టెంబరు 24న తెరుచుకున్నాయి. అంటే అడిగినవారిలో ఒక్కరూ దీన్ని చూడలేదు.

చరిత్ర గదులన్నీ భూమి కిందనే ఉన్నాయి. ఒక పెద్ద లిఫ్టులో కిందికి దిగుతుంటే, అద్దం అవతలి గోడ మీద సంవత్సరాల అంకెలు ఒక్కొక్కటిగా వెనక్కి జరుగుతూ 1400ల దాకా వెళ్తాయి. తలుపు తెరుచుకోగానే పైకప్పు కిందికి వచ్చినట్టు, గోడలు దగ్గరికి జరిగినట్టు అనిపిస్తుంది. వెలుతురు కూడా తక్కువ. ఓడ అడుగుభాగంలోకి వచ్చామా అన్నట్టున్న ఆ ఇరుకులో బాబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మేము వెళ్లినప్పుడు అక్కడ సావో జోసే అనే పోర్చుగీసు ఓడ శకలాలు ఉన్నాయి. 1794లో మొజాంబిక్ నుంచి 400 మందికి పైగా బందీలతో బ్రెజిల్‌కు బయలుదేరి, కేప్ టౌన్ దగ్గర రాళ్లకు తగిలి మునిగిపోయిన ఓడ అది. రెండు వందల మందికి పైగా నీళ్లలో పోయారు, బతికి ఒడ్డు చేరినవారిని అక్కడే మళ్లీ అమ్మేశారు. తుప్పు పట్టిన ఇనుప దిమ్మెలను చూపించి అవి ఏమిటని అమ్మ అడిగింది. మామూలు సరుకుతో పోలిస్తే మనుషుల బరువు తక్కువ, అటూ ఇటూ కదులుతారు కూడా. అందుకని ఓడ ఒరిగిపోకుండా అడుగున ఇనుము వేసేవారు. ఓడ ఎంతమంది మనుషులను మోయబోతున్నదో లెక్క కట్టి, దానికి తగిన ఇనుమును ముందే కొని పెట్టుకున్నారన్నమాట. ఇది అమ్మకు తెలుగులో చెబుతూ ఉండగా నా గొంతు ఆగిపోయింది. సుమారు నాలుగు వందల ఏళ్లు సాగిన ఈ వ్యాపారంలో అట్లాంటిక్ మీద ఇలా ఎక్కించిన వారు సుమారు 1 కోటి 25 లక్షల మంది. వారిలో 18 లక్షల మంది దాకా అవతలి ఒడ్డు చూడనే లేదు.

మా వారు హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ దగ్గర పెరిగిన మనిషి. మొజాంబిక్ తీరం పేరు చదవగానే ఆయనకు తమ పక్క బస్తీ ఏసీ గార్డ్స్ గుర్తుకు వచ్చింది. ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి మనుషులను హిందూ మహాసముద్రం మీదుగా మన వైపుకూ తెచ్చారు. అలా వచ్చినవారి సంతతి సిద్దీలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, పెళ్లి బరాత్‌లో మనం వినే మర్ఫా వాద్యం వారి నుంచి కూడా వచ్చినదే. చిన్నప్పుడు ఆ పిల్లలతో క్రికెట్ ఆడిన రోజుల్లో వాళ్ల ముత్తాతలు ఎలా వచ్చారని తాను ఎన్నడూ అడగలేదని ఆయన చాలాసేపు అంటూనే ఉన్నారు.

అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి, ప్రతి పలక దగ్గరా నేను నిలబడి తెలుగులో చెబుతూ వచ్చాను. అది నేను అనుకున్నంత సులువైన పని కాలేదు. "బానిస" అని నేను అన్నప్పుడల్లా అమ్మ ముఖంలో అర్థమైనట్టు కనిపించలేదు. మనకు అది పురాణాల్లో, సినిమాల్లో వినే మాట. చివరికి ఆమే అడిగింది.

"బానిస అంటే మన దిక్కు జీతగాని లెక్కనా బిడ్డా?"

మా వైపు అప్పు కింద ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పని చేసే మనిషిని జీతగాడు అంటారు. కాదమ్మా, జీతగాడిని సంతలో నిలబెట్టి అమ్మరు కదా, ఇక్కడ అమ్మేవాళ్లు అన్నాను. అప్పుడే మేరీల్యాండ్‌లోని హేగర్స్‌టౌన్ నుంచి తెచ్చిన రాతి దిమ్మె దగ్గరికి వచ్చాము. దాని మీద మనుషులను నిలబెట్టి వేలం పాడేవారు. అదే రాతి మీద నిలబడి 1830లో ఆనాటి పెద్ద రాజకీయ నాయకులు ఆండ్రూ జాక్సన్, హెన్రీ క్లే ప్రసంగాలు చేశారని పాత ఫలకం చెబుతుంది, వేలంలో అమ్ముడైన మనుషుల ఊసు ఆ ఫలకం మీద లేదు. మేముంటున్న వర్జీనియాలోనే 1662లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే, తండ్రి ఎవరైనా సరే. అమ్మ దాన్ని రెండుసార్లు చెప్పించుకుంది. "జీతగాడు అప్పు తీరితె పోయెటోడు. తీరనియ్యకపోయెటోళ్లు, గది వేరే ముచ్చట. గని కడుపుల ఉన్న పిల్లను సుత లెక్క రాసుకునుడు యాడ చూడలె" అన్నది. ఈ రెండూ ఒకటి కావని నేను చెప్పాలనుకున్న మాట ఆమే నాకన్నా స్పష్టంగా చెప్పింది.

గాజు పెట్టెలో చిన్న పిల్లల మణికట్టుకు వేసే సంకెళ్లు ఒక జత ఉంది. ఇనుప వలయాలు ఎంత చిన్నవంటే, మా బాబు చెయ్యి అందులో సరిగ్గా పడుతుంది. వాడు దాని ముందు నిలబడి తన చెయ్యి చూసుకున్నాడు. ఇక వాడిని కింద ఉంచడం మంచిది కాదని, మా వారు వాడిని తీసుకుని పై అంతస్తులకు వెళ్లిపోయారు. చిన్నపిల్లలతో వెళ్లేవారు ఇలా విడిపోవడానికి ముందే సిద్ధపడి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

థామస్ జెఫర్సన్ విగ్రహం ఉన్న చోట పాప చాలాసేపు ఆగింది. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన రాసిన ఆ మనిషి వెనక ఇటుకల గోడ ఒకటి పేర్చి ఉంది. ఆయన జీవితకాలంలో ఆయన ఆస్తిగా లెక్కకెక్కిన 600 మందికి పైగా మనుషుల పేర్లు ఆ ఇటుకల మీద ఉన్నాయి. పాప ఒక్కొక్క పేరూ పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంటిపేర్లు లేని పేర్లే ఎక్కువ. టబ్మన్ శాలువా కూడా ఈ అంతస్తులోనే ఉంది. విక్టోరియా రాణి పంపిన ఆ తెల్లని పట్టు జాలీ శాలువా పాప ఊహించుకున్నదానికన్నా చాలా చిన్నది. అద్దానికి ముక్కు ఆనించి చూసింది. దక్షిణ కరోలినాలోని ఎడిస్టో ద్వీపం నుంచి పలక పలకా విప్పి తెచ్చి నిలబెట్టిన చెక్క గుడిసె దగ్గర మాత్రం అమ్మ అందరికన్నా ఎక్కువసేపు ఉంది. పలకల సందుల్లోంచి గాలి ఎటు వస్తుందో, పొయ్యి ఏ వైపు ఉండేదో చూసుకుంది.

అక్కడి నుంచి వాలుగా ఎక్కుతూ పై గదులకు వస్తే, బానిసత్వం పోయాక నల్లవారిని వేరుగా ఉంచిన కాలం మొదలవుతుంది. విడిగా ఉంచితే తప్పేమీ లేదని 1896లో సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తీర్పు చెప్పాక, దక్షిణాదిలో బడి, బస్సు, నల్లా నీళ్లు, చివరికి శ్మశానం కూడా రంగును బట్టి వేరయ్యాయి. ఆ గదిలో సదరన్ రైల్వే వారి 1200 నంబరు రైలు పెట్టె ఉంది. అంత పెద్ద పెట్టెను తలుపుల్లోంచి తేవడం కుదరదు కాబట్టి, 2013లో క్రేనుతో గోతిలోకి దింపి, భవనాన్ని దాని చుట్టూ కట్టారు. తెల్లవారి భాగం, నల్లవారి భాగం మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. సీట్లు రెండు వైపులా చూడడానికి దాదాపు ఒకేలా ఉన్నాయి. తేడా ఏమిటని పాప వెతుకుతుంటే అమ్మ వెంటనే పైకి చూపించింది. నల్లవారి వైపు సామాను పెట్టుకునే పలకలు లేవు. మూటాముల్లె అంతా కాళ్ల దగ్గరే పెట్టుకుని కూర్చోవాలి. మరుగుదొడ్డి కూడా ఆ వైపు ఇరుకు.

పెట్టె దిగాక అమ్మ గోడ పక్క బల్ల మీద కూర్చుంది. కాళ్లు నొస్తున్నాయేమో అనుకున్నాను.

"మనింట్ల గ్లాసు యాదికున్నదా నీకు? కొట్టంల, చూర్ల పెట్టేది" అన్నది.

గుర్తుంది. సత్తు గ్లాసు, అంచు ఒక చోట లోపలికి వంగి ఉండేది. పశువుల కొట్టం చూరులో, పెంకుకూ దూలానికీ మధ్య బోర్లించి ఉండేది. మా ఇంట్లో జీతం చేసిన పెద్దమనిషి పొద్దున నాగలి కట్టే ముందు వచ్చి, తానే ఆ గ్లాసు తీసుకుని, తొట్టి దగ్గర కడుక్కుని, రెండు చేతులతో పట్టుకుని నిలబడేవాడు. మా నాయనమ్మ ఎత్తు నుంచి చాయ్ పోసేది, గిన్నె అంచు గ్లాసుకు తగలకుండా. తాగాక ఆయనే కడిగి మళ్లీ చూరులో పెట్టేవాడు. నాకు ఏడేళ్లప్పుడు దాహమై, బల్లెక్కి ఆ గ్లాసు తీసి నీళ్లు ముంచుకోబోతే, నాయనమ్మ నా చేతి మీద కొట్టి, ఆ చేతిని పసుపు నీళ్లతో కడిగింది. ఊళ్లో హోటలు దగ్గరా రెండు రకాల గ్లాసులు ఉండేవి. ఇవన్నీ నేను మరచిపోలేదు. కాని ఆ రోజు పొద్దుటి నుంచీ, ఇతరుల దేశంలో ఇతరులకు జరిగిన సంగతి చెబుతున్నట్టుగా నేను అమ్మకు చెబుతూ వచ్చాను. ఆమె మాత్రం ఆ రైలు పెట్టెలో తన ఇంటి చూరును చూసింది.

పాప మా ఇద్దరి మాటలూ వింటున్నది. "మనం ఏ వైపు సీట్లలో కూర్చునేవాళ్లం అమ్మమ్మా?" అని అడిగింది. అమ్మ దాచలేదు. "పలకలున్న దిక్కే బిడ్డా" అని చెప్పింది.

ఎమ్మెట్ టిల్ శవపేటిక ఉన్న గది ప్రార్థనా మందిరంలా ఉంటుంది. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, వరుసలో నిలబడి నిశ్శబ్దంగా వెళ్లాలి. షికాగో నుంచి మిసిసిపీలోని బంధువుల ఇంటికి వెళ్లిన 14 ఏళ్ల పిల్లవాడిని, ఒక తెల్ల యువతితో చనువుగా మాట్లాడాడన్న నెపంతో 1955 ఆగస్టులో చంపి నదిలో పడేశారు. కొడుకు ముఖం ఎలా చేశారో లోకం చూడాలని తల్లి మేమీ టిల్ పేటిక మూత తెరిపించింది. వేలమంది వచ్చి చూశారు. అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో హంతకులను వదిలేసింది. ఆ తల్లి చేసిన పని గురించి చెప్పినప్పుడు మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపను తీసుకువెళ్లాలా వద్దా అని నేను తటపటాయించాను. ఆమె నాతోపాటే వచ్చింది. దీని గురించి ఇంకేమీ రాయలేను.

ఆ తర్వాత ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు కాలేజీ విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కదలకుండా ఉన్న ఘట్టం వస్తుంది. పొడవాటి కౌంటర్ ముందు కూర్చుని, తెర మీద వచ్చే ప్రశ్నలకు నువ్వైతే ఏం చేస్తావో ఎంచుకోవచ్చు. పాప చాలాసేపు ఆలోచించి ఎంచుకుంది. నాకు మాత్రం ఆ గదిలో మరొక సంగతి మనసులో తిరిగింది. 1965కు ముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికే ఇక్కడ స్థిరపడే అనుమతి ఉండేది. పౌరహక్కుల ఉద్యమం 1964లో చట్టం సాధించిన ఊపులోనే, మరుసటి ఏడాది దేశాలవారీ కోటాలను ఎత్తివేసిన వలస చట్టం వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది ఆ తర్వాతే. మన తెలుగు సంఘాల సభల్లో ఎవరి కష్టం గురించి ఎంత మాట్లాడుకున్నా, ఆ ఉద్యమానికి మనం పడ్డ ఈ అప్పు గురించి మాట్లాడడం నేను దాదాపుగా వినలేదు. మాట్లాడాలని నా కోరిక.

బయటికి వచ్చే దారిలో, పైకప్పు మధ్యనున్న గుండ్రని కంత నుంచి నీళ్లు వానలా కురిసే ఒక గది ఉంది. అందరూ ఊరకే కూర్చుంటారు. మేమూ కూర్చున్నాము.

భోజనశాలలో దక్షిణాది, క్రియోల్ తీరం, ఉత్తరాది, పడమర అని నాలుగు వైపుల వంటలు విడివిడిగా వడ్డిస్తారు. ఆకుకూరల్లో మాంసం కలపడం మామూలే కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి. పళ్లెంలో నల్లమచ్చ గింజలు చూడగానే "గివి మన బొబ్బర్లే గద" అని అమ్మ తేటగా నవ్వింది, ఆ రోజు మొదటిసారి. బొబ్బర్లను మొదట పండించింది పడమటి ఆఫ్రికాలోనే. అవి వేల ఏళ్ల కిందటే మన పొలాలకూ చేరాయి. మన బెండకాయ పుట్టిల్లు కూడా ఆఫ్రికా అనే చెబుతారు. గంబో అనే పులుసు పేరే ఆ ఖండపు భాషల్లో బెండకాయను పిలిచే మాట నుంచి వచ్చింది. బాబు పైన చూసిన, రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ ఎర్ర క్యాడిలాక్ కారు గురించి చెబుతూ మొక్కజొన్న రొట్టె రెండు ముక్కలు తిన్నాడు.

మధ్యాహ్నం రెండో అంతస్తులోని కుటుంబ చరిత్ర కేంద్రానికి వెళ్లాము. అక్కడ పాత రికార్డులను కంప్యూటర్లలో వెతుక్కోవచ్చు. సిబ్బందిలో ఒకామె పాపకు 1860 జనాభా లెక్కల్లోని బానిసల పట్టిక ఒకటి తెరిచి చూపించారు. యజమాని పేరు పూర్తిగా ఉంది. దాని కింద వరుసగా వయసు, ఆడ మగ, రంగు, అంతే. పేరుకు గడి కూడా లేదు. అందుకే ఈ దేశంలో చాలా నల్లజాతి కుటుంబాలు తమ పూర్వికులను వెతుకుతూ వెళ్తే, విముక్తి పొందినవారి పేర్లు మొదటిసారి రాసిన 1870 లెక్కల దగ్గర ఆగిపోతారు. దాన్ని దాటడానికి వీలునామాలు, అమ్మకపు కాగితాలు, అంతర్యుద్ధం చివర్లో పెట్టిన విముక్తుల కార్యాలయపు దస్త్రాలు ఒక్కొక్కటీ గాలించాలి.

పాప ఆ తెర చూస్తూనే వెనక్కి తిరిగి, "అమ్మమ్మా, గ్లాసు తాత పేరేంటి?" అని అడిగింది.

అమ్మ ఒక పేరు చెప్పింది. అది పేరు కాదు. పేరును విరిచి, చివర ఒత్తి పలికి, మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ ఆయనను పిలిచిన పిలుపు. నేనూ అలాగే పిలిచాను, ఆయన మా తాత వయసువాడైనా. "అసలు పేరు?" అని పాప మళ్లీ అడిగింది. నలభై ఏళ్లు మా ఇంటి పొలం దున్నిన మనిషి అసలు పేరు అమ్మకు తెలియదు. నాకూ తెలియదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక, అక్కడ తెల్లవారే వేళకు అమ్మ ఊళ్లో ఉన్న మా చిన్నాన్నకు ఫోన్ చేసింది. ఇంత పొద్దున్నే ఎందుకని ఆయన కంగారు పడ్డారు. ఆయనకూ తెలియదు. కనుక్కుని చెబుతానన్నారు. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది, కొడుకు సూర్యాపేటలో ఉంటాడట. రెండు రోజుల తర్వాత చిన్నాన్న దగ్గర నుంచి పేరు వచ్చింది, ఇంటిపేరుతో సహా. ఆయన కొడుకును అడగకుండా దాన్ని ఇక్కడ రాయడం న్యాయం కాదు కాబట్టి రాయడం లేదు.

పాప మాత్రం ఆదివారం తెలుగు తరగతికి తీసుకువెళ్లే పుస్తకం తెచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఆ పేరులో ఒక ఒత్తు ఉంది. రెండుసార్లు తప్పు రాసింది. మూడోసారి అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించి, చివర "గారు" అని కూడా రాయించింది.